యోచన శానా అయింది, సార్!

కదిరి మల్లెలంటే ఇష్టపడని ఇల్లాలు మా ప్రాంతంలో వుండదు. ఆ మూర వెనుక ఎవరి చేతులున్నాయో మాత్రం మనం అడగము. ఈమధ్య మా కళాశాలలో ఒక అమ్మాయి నెల రోజులు తరగతికి రాలేదు. హాజరు తక్కువయిందని కబురు చేస్తే తల్లి వచ్చింది. పూలు కట్టి అమ్ముకొనే మనిషి. భర్త పనికని బెంగుళూరు పోయి మూడేళ్ళయింది. డబ్బూ లేదు, మాటా లేదు.

"పిల్లకు ఒంట్లో బాగాలేదా, అమ్మా?" అని అడిగాను.

"పిల్లకేమీ లేదు సార్. నాకే. యోచన శానా అయింది. రాత్రి నిద్దర పట్టదు, పగలు చెయ్యి ఆడదు. నా బదులు అదే పూలు కడతాండాది."

పాఠాలు చెప్పే నాలుక వూరుకొంటుందా? "ధైర్యంగా వుండాలమ్మా, కష్టాలు ఎవరికి లేవు?" అని నాలుగు ధర్మపన్నాలు వల్లించాను. "సరే సార్" అని ఆమె చెంగుతో ముఖం తుడుచుకొని వెళ్ళిపోయింది. ఆ "సరే" నన్ను చాలా రోజులు వేధించింది. ఆమె చెప్పుకోవడానికి వచ్చింది. నేను చెప్పి పంపాను.

ఆమె అన్న మాటకు సరిజోడు మాట ఆఫ్రికాలో, జింబాబ్వేలోని షోనా భాషలో వుందని తర్వాత చదివాను. "కుఫుంగిసిసా", అంటే అతిగా ఆలోచించడం. అక్కడి మనోవైద్యుడు డాక్టరు డిక్సన్ చిబాండా దగ్గర చికిత్స పొందుతున్న ఒక యువతి ఆత్మహత్య చేసికొంది. మళ్ళీ ఆసుపత్రికి రావడానికి ఆ ఇంట బస్సు ఖర్చులకు డబ్బు లేదట! రోగి రాలేకపోతే వైద్యమే ఆమె వాడకు పోవాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. 2006లో హరారే నగరపు పేదవాడలో పధ్నాలుగు మంది అవ్వలకు శిక్షణ ఇప్పించి, ఆరోగ్యకేంద్రాల ఆవరణలో బల్లలు వేయించాడు. వాటి పేరు స్నేహపు బల్లలు.

ఆ బల్ల మీద అవ్వ చేసేదేమిటి? ముందు వినడం. కష్టాలన్నీ చెప్పించి, వాటిలో ఒక్కదాన్ని ఎంచుకోమంటుంది. ఆ ఒక్కదానికి ఈ వారం వేయదగిన అడుగేదో వచ్చినవారి నోటనే పలికించి, మళ్ళీ రమ్మంటుంది. ఆరు నెలల తర్వాత అలా కూర్చున్నవారిలో దిగులు, ఆందోళన మామూలు చికిత్స పొందినవారిలో కంటె బాగా తగ్గాయని 2016లో అమెరికన్ వైద్యసంఘం పత్రిక ప్రకటించింది.

ఇంతకూ అంత దూరం పోనక్కరలేదు. మన పొరుగున బళ్ళారి జిల్లాలో 1985లోనే బెంగుళూరు నిమ్హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల వైద్యులకు, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి మనోవైద్యాన్ని పల్లెలకు చేర్చారు. దాన్ని ఒరవడిగా పెట్టుకొని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలలో మొదలయింది. వాటిలో మన మెదక్ ఒకటి. కనుక ఈ విద్య మనకు కొత్త కాదు. మన వీధి మలుపు దాకా రాలేదు, అంతే.

ప్రభుత్వాసుపత్రిలో రుసుము లేదు గదా అంటారేమో! ఊరు దాటాలంటే బస్సు ఛార్జీ వుంది, ఆనాటి పూల బేరం పోతుంది. "పిచ్చిదట" అనే మాట మూడవ ఖర్చు; అన్నిటికంటె పెద్దది. కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలో తిమ్మమ్మ మర్రిమాను వుంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. భర్తతో సహగమనం చేసిన తిమ్మమ్మ చితి దగ్గర అది మొలిచిందని ఐతిహ్యం. ఆ ఇల్లాలికి గుడి కట్టి పసుపు కుంకుమలు సమర్పిస్తున్నాము. మగతోడు లేకపోయినా బ్రతికి, బిడ్డల్ని బ్రతికించుకొంటున్న ఇల్లాలిని మాత్రం పేరంటానికి కూడా పిలువము!

మనవంటి సంసారులు చేయగలిగినవి కొన్ని వున్నాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ-మానస్ నంబరు 14416 గుర్తుంచుకోండి. రుసుము లేదు, తెలుగులో మాట్లాడవచ్చు, రాత్రయినా పగలయినా పలుకుతారు. భర్త వదలివేసిన స్త్రీకి భరణపు చిక్కు వుంటే, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత సహాయం దొరుకుతుంది; కోర్టులోని న్యాయసేవల కమిటీని అడగమనండి. చచ్చిపోవాలని వుందని ఎవరైనా అంటే ఉత్తమాటగా తీసికోకండి. ఒంటరిగా వదలక వెంటనే వైద్యుని దగ్గరకు తీసికొని వెళ్ళండి. మిగతా దినాలలో ఒక అరగంట, ఒక అరుగు చాలు. తీర్పు చెప్పకండి. విన్నది పక్కింట చెప్పకండి.

ఆ తల్లిని మళ్ళీ పిలిపించాను. ఈసారి కుర్చీ చూపి, నోరు మూసుకొన్నాను. చాలాసేపు మాట్లాడింది. చివరకు ముందు తేలవలసింది పిల్ల చదువేనని తానే అన్నది. పక్కింటి ముసలమ్మ పొద్దుటిపూట పూలు కట్టి పెట్టడానికి ఒప్పుకొందని రెండు రోజులకు చెప్పి పంపింది. 14416కు మా గదిలో నుంచే ఫోను చేసింది.

భర్త రాలేదు. నిద్ర ఇంకా పూర్తిగా పట్టడం లేదట. కాని సోమవారం నాడు హాజరుపట్టీలో ఆ అమ్మాయి పేరు పిలిస్తే, వెనుక బెంచీలో నుంచి జవాబు వచ్చింది.