ఊరు మళ్లీ నిలబడాలంటే

ఒక ఇల్లు కాలిపోతే నలుగురూ చేయి వేసి మళ్లీ నిలబెడతారు. ఊరంతా కాలిపోతే చేయి వేసేవారెవరు? 2023 ఆగస్టులో హవాయి దీవులలోని లహైనా పట్టణం ఒక్క రోజులో బూడిదైంది. సుమారు వందమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2025 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజలెస్ ప్రాంతంలో రేగిన కార్చిచ్చు పెనుగాలుల ఊతంతో పదహారు వేలకు పైగా కట్టడాలను దహించింది. బూడిద చల్లారకముందే అక్కడివారిని మరొక భయం పట్టుకుంది. గతిలేని స్థితిలో ఉన్నవారి స్థలాలను కారుచవకగా కొనడానికి బేరగాళ్లు బయలుదేరారు. ‘మా ఊరు అమ్మకానికి లేదు’ అని ఇళ్లు కోల్పోయినవారు పలకలు రాసి పాతుకున్నారు. అటువంటి అన్యాయపు బేరాలను కొంతకాలం నిషేధిస్తూ కాలిఫోర్నియా గవర్నరు ఆ నెలలోనే ఉత్తర్వు జారీ చేశారు.

ఎక్కడి అమెరికా, ఎక్కడి కోలారు అని మీరు అడగవచ్చు. ఊరు నాశనం కావడానికి నిప్పే అక్కరలేదు. ఊరికి అన్నం పెట్టే పని ఆగిపోయినా చాలు. మన కోలారు బంగారు గనుల పట్టణానికి జరిగింది అదే. కనుక ఆపద తరువాత ఊరు ఎలా తేరుకుంటుందన్న ప్రశ్న మనకు దూరపు ప్రశ్న కాదు.

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనుల పని చేపట్టింది. 1894లో బంగారుపేట నుండి మారికుప్పం దాకా రైలు వచ్చింది. 1902లో శివనసముద్రం జలపాతం నుండి విద్యుత్తు వచ్చింది. దేశంలో పెద్ద పెద్ద నగరాలు కూడా నూనె దీపాలతో గడుపుతున్న రోజుల్లో ఈ ఊళ్లో విద్యుద్దీపాలు వెలిగాయి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. సుమారు 120 ఏళ్లలో ఈ నేల నుండి తీసిన బంగారం 800 టన్నుల దాకా ఉంటుందని అంచనా.

ఆ బంగారాన్ని తీసిన చేతులు ఎవరివి? చిత్తూరు వైపు నుండి తెలుగువారు వచ్చారు. ఉత్తరార్కాడు నుండి తమిళులు, ముఖ్యంగా దళిత కుటుంబాలవారు, వేలసంఖ్యలో వచ్చారు. కన్నడిగులు, ఉర్దూ మాట్లాడేవారు, ఆంగ్లో ఇండియన్లు వీరితో కలిశారు. లోతుకు దిగేకొద్దీ ఒళ్లు కాలేంత వేడి. రాతి పొరలు ఒత్తిడికి ఒక్కసారిగా పగిలి మీదపడే ప్రమాదం. రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయే సిలికోసిస్ జబ్బు. ఇన్నింటి నడుమ వారు పనిచేశారు. ఒకరి ఇంట్లో చావు జరిగితే భాష ఏదని అడగకుండా లైనంతా ఆ ఇంటి ముందు నిలబడేది.

1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. తరువాత అవి కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లాయి. కాలం గడిచేకొద్దీ ఖనిజంలో బంగారం పాలు తగ్గింది. తవ్వకం ఖర్చు రాబడిని మించింది. చివరకు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. లోపలి నీటిని తోడే పంపులు ఆగాయి. సొరంగాలు నీటితో నిండాయి. జీతంతో పాటు ఇల్లు, నీళ్లు, దీపం, వైద్యం అన్నీ గని నీడలోనే నడిచిన ఊరికి ఆ నీడ ఒక్కసారిగా తొలగిపోయింది.

1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలమంది చనిపోయారు. ఆ ఘోరాన్ని పత్రికల్లో చూసి తెలుగునాడంతా కదిలింది. విరాళాలు వచ్చాయి, ఇళ్లు లేచాయి, తీరం వెంబడి తుఫాను ఆశ్రయాలు కట్టారు. వాటిలో కొన్ని మామూలు రోజుల్లో బడులుగా ఉపయోగపడ్డాయి. కోలారు గనుల పట్టణం పతనానికి అటువంటి ఫోటోలు లేవు. ఇళ్లు నిలిచే ఉన్నాయి, మనుషులు బతికే ఉన్నారు. పొయ్యి మాత్రం సరిగా వెలగడం లేదు. కంటికి కనిపించని ఆపదకు సాయం కూడా ఆలస్యంగానే వస్తుంది.

అయినా ఈ ఊరు చచ్చిపోలేదు. తెల్లవారుజామున మారికుప్పం, ఉరిగాం, చాంపియన్ రీఫ్ స్టేషన్లలో రైలెక్కే జనాన్ని చూస్తే ఆ మాట అర్థమవుతుంది. సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు వెళ్లి, పొద్దంతా పనిచేసి, రాత్రికి ఇల్లు చేరేవారు వేలమంది. గని కార్మికుల పిల్లలు, మనుమలు చదువును పట్టుకుని పైకి వచ్చారు. ఇది కొత్తగా వచ్చిన గుణం కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే ఇక్కడి కార్మికులు బౌద్ధ సంఘాలు పెట్టుకుని, తమ పిల్లల కోసం బడులు నడిపారు. ఇతరులు తలుపు మూసిన చోట తామే తలుపు కట్టుకున్నవారి వారసత్వం అది.

ఈ పట్టుదలను పొగడి ఊరుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. రోజూ నాలుగైదు గంటలు రైల్లో గడిపేవాడు బతుకుతున్నాడే కాని, ఊరు తేరుకున్నట్లు కాదు. తండ్రి ఇంటికి వచ్చేసరికి పిల్లలు నిద్రపోతుంటే, ఆ లోటు ఏ లెక్కలోకి వస్తుంది? ఊరు నిలబడిందని చెప్పడానికి మూడు గుర్తులు కావాలి.

మొదటిది నివాసపు హక్కు. తరతరాలుగా ఉన్న ఇంటిపై హక్కుపత్రం చేతిలో ఉంటేనే మనిషి గోడకు సున్నం వేస్తాడు, పెరట్లో చెట్టు నాటుతాడు. రేపు ఖాళీ చేయమంటారేమోనన్న భయంతో ఎవరూ ఊరిని బాగుచేయరు. అమెరికాలో కాలిన స్థలాల్లో పలకలు పాతినవారు కోరింది కూడా ఇదే.

రెండవది గాలి, నీరు. బంగారం తీయగా మిగిలిన పొడి ఊరి మధ్య గుట్టలుగా పడి ఉంది. మూడు కోట్ల టన్నులకు పైగా ఉన్న ఆ సైనైడ్ గుట్టలపై గాలి వీస్తే ధూళి ఇళ్లమీద పడుతుంది. ఆ గుట్టలను కదల్చకుండా ఊరి ఆరోగ్యం గురించి మాట్లాడటం వ్యర్థం.

మూడవది నిర్ణయాల్లో పాలు. ఇందుకు మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. కరవుతో ఎండిన కోలారు చెరువులకు 2018 నుండి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి పంపుతున్నారు. ఏళ్లుగా బీటలు వారిన చెరువుల్లో నీళ్లు నిలిచాయి. ఇది మేలే. కాని ఒక చెరువులో నురగ కనిపించినప్పుడు రైతులు ఊరుకోలేదు. మరొక దశ శుద్ధి కూడా చేయాలని కోరారు, కోర్టుల దాకా వెళ్లారు. వారిని అభివృద్ధికి అడ్డుపడేవారని అనడం తప్పు. ఆ నీటితో పండిన పంటను తినేదీ, ఆ బావి నీళ్లు తాగేదీ వారే. ఒకప్పుడు ఏ పొలానికి ఎంత నీరు పోవాలో చూసిన నీరుగంటి ఆ ఊరివాడే కదా!

గనులు మళ్లీ తెరిస్తే కష్టాలన్నీ తీరుతాయని కొందరు నమ్ముతారు. గుట్టల్లో మిగిలిన బంగారాన్ని తీసే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం అంగీకారం తెలిపింది. పని వస్తుందంటే సంతోషమే. కాని యంత్రాలు ఎక్కువై, మనుషులు తక్కువైన ఈ కాలంలో ఆ పని ఎందరికి దొరుకుతుంది? గుట్టలు తవ్వే రోజుల్లో లేచే ధూళికి రక్షణ ఏమిటి? బంగారం పోయాక మిగిలే భూమి ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు ముందుగానే, కాగితం మీద జవాబు ఉండాలి. ఒకే పనిపై ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో 2001లో చూశాము. మళ్లీ అదే తప్పు చేయడం తెలివి అనిపించుకోదు. యంత్రాల కర్మాగారాలు, చిన్న పరిశ్రమలు, పట్టు, పాలు, టమాటా వంటి మన జిల్లా పంటలకు విలువ పెంచే పనులు పక్కపక్కన పెరగాలి.

విద్యార్థులారా! మీ ఇంట్లో గనిలో పనిచేసిన పెద్దలుంటే వారిని అడగండి. ఏ షాఫ్టులో దిగారు, ఎంత కూలి వచ్చేది, గని మూసిన రోజు ఇంట్లో ఏం జరిగింది? వారు చెప్పింది తెలుగులోనే రాసి పెట్టండి. పక్కింటి తాత తమిళంలో చెబితే, విని అది కూడా రాయండి. ఈ ఊరి గురించి రేపు ఎవరైనా ఒక ప్రణాళిక పట్టుకుని వస్తే, ‘ఇక్కడ ఎవరున్నారు, ఏం పోగొట్టుకున్నారు, వారికి ఏం రావాలి’ అని అడగడానికి ఆ రాత మీకు ఆధారంగా ఉంటుంది. ఆ మాట అడగగలిగినవారు ఉన్నంత కాలం ఊరు ఇతరుల సొత్తు కాదు.