ఇనుము దాచారు, కాగజ్ పారేశారు

దాదా పిస్తోల్ ఒకటి ఇంట్లో ఉందంటే చాలు, ఆ ఖాన్‌దాన్‌లో ఒక నవాబు పుట్టుకొస్తాడు. మోత్కూర్ చుట్టుపక్కల, అటు గుండాల దాకా, ఇటు తిరుమలగిరి దాకా, మన పాత ఇళ్ల సందూకుల గురించి ఇలాంటి కిస్సాలు ఎన్నైనా వినొచ్చు. పిస్తోల్ కాకుంటే తల్వార్, తల్వార్ కాకుంటే జంబియా. వస్తువు ఉండటం మీద నాకేం ఎత్రాజ్ లేదు. దాని చుట్టూ అల్లుకునే ఝూట్ మీదే నా ఝగ్డా.

కిస్సా ఎప్పుడూ ఒక్కటే. నిజాం సర్కార్ మన పర్‌దాదాకు ఇనామ్‌గా ఇచ్చిందట. లేదా ఫ్రెంచి దొర మూసా రహీం ఫౌజులో మనవాళ్లు పెద్ద ఓహదాలో ఉండేవాళ్లట. ఆ వెంటనే రెండో సవాల్: 'చాచా, దీని కీమత్ ఎంత ఉంటది? కోటి వస్తదా?'

మూసా రహీం అంటే రేమండ్. హైదరాబాద్ ఫతే మైదాన్ దగ్గర తోప్ కా సాంచా, ఇప్పటి గన్‌ఫౌండ్రీ, ఆయన పెట్టిందే. 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆయన ఫౌజ్ చేత ఇంగ్లీషువాళ్లు హత్యార్లు కింద పెట్టించారు. సరే, ఇప్పుడు మీ పిస్తోల్ ఘోడా కింద చూడండి. అక్కడ రాగి టోపీ తొడిగే చిన్న మొన లాంటిది ఉందా? ఉంటే అది టోపీదార్. టోపీలు పెట్టి పేల్చే పద్ధతి 1820ల తర్వాతే చెలామణిలోకి వచ్చింది. మూసా రహీం కబర్‌లో పడుకున్న పాతికేళ్లకు పుట్టిన వస్తువు ఆయన చేతి మీదుగా మీ పర్‌దాదాకు ఎలా చేరింది? కొన్ని పాత పత్తర్‌కలాలను, అంటే చెకుముకి రాయితో పేలేవాటిని, తర్వాతి కాలంలో టోపీదార్‌లుగా మార్చారన్నది సహీ. అలా మార్చినవాటిలో పాత మరల సూరాఖ్‌లు పూడ్చిన గుర్తులు మిగులుతాయి. ఆ గుర్తులు లేకుండా కిస్సా ఒక్కటే ఉంటే, అది కిస్సానే.

ఉమర్ తెలుసుకోవడానికి ఇనుము కొంత చెప్తుంది. తాళం పలక మీద నాలుగు గదుల దిల్ ఆకారం, అందులో ఇంగ్లీషు హరఫ్‌లు ఉంటే ఈస్టిండియా కంపెనీ పాత ముద్ర. కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం ఉంటే 19వ శతాబ్దం మొదట్లో దాని జాగాలో వచ్చిన ముద్ర. నాలీ కింద బర్మింగ్‌హామ్ పరీక్ష ముద్ర ఉంటే 1813కు ముందుది కాదు, ఎందుకంటే ఆ పరీక్షశాల పుట్టిందే ఆ ఏడు. తూటాలు పెట్టి తిప్పే రివాల్వర్ అయితే, వెబ్లీ ఆరో నమూనా అయితే, 1915కు ముందు లేదు. మౌజర్ అయితే 1896 తర్వాతిది. 'టవర్' అని పెద్ద అక్షరాలు, పక్కన కిరీటం, పైన ఏదో ఒక పాత సన్ చెక్కి, టూరిస్టులకు అమ్మే నకిలీలు మన దేశంలోనే కొల్లలుగా తయారవుతాయి. పత్తర్‌కలాలో రంజక్ నుంచి నాలీలోకి నిప్పు పోయే సూరాఖ్ లేదంటే, అది గోడకు తగిలించే బొమ్మ. ఎంత తుప్పు పట్టినా బొమ్మే.

ఈ తహకీక్ మీ చేతులతో చేయొద్దు. పాత బారూద్ ఎన్నేళ్లయినా నాలీలో బతికే ఉండొచ్చు. లబ్లబీ నొక్కి చూడటాలు, పొయ్యి దగ్గర పెట్టి తుప్పు వదిలించడాలు బేవకూఫీ. గరుకు కాగితంతో రుద్ది మెరిపిస్తే పైనున్న ముద్రలూ పోతాయి, దానితోపాటు మీరు ఆశపడే కీమతూ పోతుంది.

కానీ ఇనుము సగమే చెప్తుంది. ఎప్పుడు తయారైందో చెప్తుంది, మీ ఇంటికి ఎప్పుడు వచ్చిందో చెప్పదు. అది చెప్పేది కాగజ్. మన ఇళ్లలో ఇనుమును పట్టుగుడ్డలో చుట్టి దాచారు, కాగజ్‌ను రద్దీవాడికి కిలోల లెక్కన అమ్మేశారు. ఎందుకంటే చదివేవాళ్లు లేరు. తెలుగు మీడియం పిల్లలం, ఖురాన్ షరీఫ్ అరబీ అక్షరాలు కూడబలుక్కుని చదువుతాం, దాదా చేతిరాత ఉర్దూ ముందు గుడ్డివాళ్లం.

చదవగలిగినవాళ్లు కూడా బోల్తా పడే చోటు ఒకటుంది. నిజాం సర్కార్ దఫ్తర్‌లు ఫస్లీ సన్ వాడేవి. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సన్ వస్తుంది. ఒక పాత లైసెన్సు మీద 1357 అని ఉందనుకోండి. దాన్ని హిజ్రీ అనుకుంటే 1938. ఫస్లీ అయితే 1947-48. పదేళ్ల ఫరక్. ఇంకెక్కడైనా పదేళ్లంటే పెద్ద సంగతి కాదు. నల్లగొండ జిల్లాలో ఆ పదేళ్లే సంగతి మొత్తం.

1938లో లైసెన్సు ఉన్న మనిషి షికార్‌కు పోయే మాలీపటేలో, గడీలో నౌకరో కావచ్చు. 1947-48లో ఇదే జిల్లాలో హత్యార్ పట్టినవాడు ఎవరు? రజాకార్ కావచ్చు. దేశ్‌ముఖ్ గూండా కావచ్చు. భర్మార్ పట్టి గడీల మీదికి పోయిన సంఘం మనిషి కూడా కావచ్చు. మనవాళ్లు అన్ని వైపులా ఉన్నారు. విస్నూర్ దేశ్‌ముఖ్‌తో జమీన్ కోసం తలపడి ప్రాణం పోగొట్టుకున్న కామారెడ్డిగూడెం షేక్ బందగీ మనవాడే. రజాకార్ల మీద రాసినందుకు 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లో చనిపోయిన 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లా ఖాన్ మనవాడే. 1952లో ఈ జిల్లా హుజూర్‌నగర్ నుంచి అసెంబ్లీకి పోయిన మఖ్దూం మొహియుద్దీన్ మనవాడే. ఖాసిం రజ్వీ పేరు చెప్పి ఖత్ల్‌లు చేసినవాళ్లూ మనవాళ్లే, దాన్ని గల్లా పట్టుకుని ఒప్పించాల్సిన పని లేదు.

ఆ తర్వాత సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా పోలీస్ యాక్షన్. దాని వెంట జరిగిన ఖూన్ ఖరాబాను చూసి రావడానికి నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం, రియాసత్ మొత్తం మీద 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు అవామ్ ముందుకే రాలేదు. ఆ రోజుల్లో ముసల్మాన్ ఇంట్లో బందూక్ కనబడితే ఏమయ్యేదో దాదీలు చెప్పిన ఇళ్లున్నాయి, అసలు చెప్పని ఇళ్లు ఇంకా ఎక్కువ. అలాంటి రోజుల్లో కూడా బావిలో పడేయకుండా ఒకరు ఆ పిస్తోల్‌ను దాచారంటే ఎందుకు దాచారు? ఎవరి నుంచి వచ్చింది? మీ ఖాన్‌దాన్ అడగాల్సిన సవాల్ ఇది. దీన్ని అడగలేకే నిజాం ఇనామ్ కిస్సా.

ఆ కిస్సాలో ఇంకో అన్యాయం ఉంది. మన దాదాలలో చాలామంది దూదేకినవాళ్లు, గాజులు అమ్మినవాళ్లు, జట్కాలు తోలినవాళ్లు, మాంసం కొట్టి బతికినవాళ్లు. వాళ్ల మెహనత్‌తో మనం చదువుకుని, ఆ కసబ్ చెప్పుకోవడానికి షరమ్ పడి, తుప్పు ముక్క చూపించి జాగీర్దార్ల ఔలాద్ అయిపోతున్నాం. దూది ఏకిన విల్లు ఎన్ని ఇళ్లలో దాచారు చెప్పండి?

ఇక కీమత్. 2019లో ఇంగ్లండ్‌లో ఒక ఇంటి అటక మీద దొరికిన టిప్పు సుల్తాన్ కాలపు హత్యార్లు వేలంలో లక్ష పౌండ్లకు పైగా పలికాయి. 2023లో టిప్పు పడకగది తల్వార్ లండన్‌లో 1 కోటి 40 లక్షల పౌండ్లు పలికింది. ఎందుకు? శ్రీరంగపట్నం లూటీ చేసినవాళ్ల ఖాన్‌దాన్‌లు ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, ఎవరి నుంచి ఎవరికి పోయింది అని కాగజ్ కాపాడుకున్నాయి కాబట్టి. లూటీ చేసినవాడి మనవడి దగ్గర సబూత్ ఉంది. మన దగ్గర 'అబ్బా చెప్పేవారు' ఉంది. ఆ మాటకు బజార్‌లో రేటు లేదు.

పైగా ఎవరికి అమ్ముతారు? వందేళ్లు దాటింది అయితే 1972 పురావస్తు చట్టం కింద దేశం దాటించడం జుర్మ్, వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. పేలే హాలత్‌లో ఉంటే 1959 ఆయుధ చట్టం. పాతది కదా, లైసెన్సు అక్కర్లేదంటారు కొందరు వాట్సాప్ వకీళ్లు. చట్టం 45వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు పాతదైనంత మాత్రాన కాదు, మరమ్మత్తు చేసినా పేలని స్థితిలో ఉండాలి. అది పేలుతుందో లేదో తేల్చేది మీ మామూ కాదు. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా ఖైద్. బారాత్‌లో గాల్లోకి పేల్చినా రెండేళ్ల దాకా, లేదా లక్ష జుర్మానా, లేదా రెండూ.

దాదా పేరు మీద లైసెన్సు ఉండి ఆయన ఇంతెఖాల్ అయితే, హత్యార్‌ను పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో జమ చేసి, వారసుడి పేరు మీద దరఖాస్తు పెట్టుకునే దారి 2016 నిబంధనల్లో ఉంది. ఏ లైసెన్సూ దొరకకపోతే ముందు వకీల్ దగ్గరికి పోండి, ఆయనతో కలిసి రాతమూలంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కరే సంచిలో వేసుకుని ఠాణాకు పోవద్దు. మన పేరుకు పిస్తోల్ జతపడితే రేపు పొద్దున పేపర్ హెడ్డింగ్ ఎలా ఉంటుందో నేను చెప్పాలా? అది తెలిసి కూడా స్టేటస్‌లో ఫోటోలు పెట్టే బచ్చాలను ఏమనాలి!

ఒక్క మాట మాత్రం ఎవరూ అడగరు. ఈ పిస్తోల్ ఎవరిది? పెద్ద కొడుకుది అంటారు, మర్దానా చీజ్ కదా. మరణించినవాడు వదిలింది కొంచెమైనా ఎక్కువైనా అందులో మగవాళ్లతో పాటు ఆడవాళ్లకూ హిస్సా ఉందని సూరా నిసా 7వ ఆయత్ సాఫ్‌గా చెప్తుంది. కోటి రూపాయల వస్తువని మీరే అంటున్నారు కదా, అయితే ఆ కోటి తర్కాలో భాగం, భాయికి రెండు వాటాలైతే బహెన్‌కు ఒకటి. అమ్మేటప్పుడు కోటి, పంచేటప్పుడు నిషానీయా?

కాగజ్ మీ ఇంట్లో దొరక్కపోతే ఫుప్పూ ఇంట్లో వెతకండి. ఇనుము కొడుకుల వైపు పోతే, పనికిరాదనుకున్న కాగజాలు తరచూ బిడ్డల సందూకుల్లోకి, నికానామాల మధ్యకి పోతాయి. వెళ్లి అదబ్‌తో అడగండి. హిస్సా సంగతి ఆమె కూడా అడగొచ్చు, జవాబ్ తయారుగా పెట్టుకుని వెళ్లండి.