మగ్గం ఎవరిదో ముందు తేల్చండి

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, ఓపికతో చదవండి. సర్వసభ్య సమావేశంలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలే దొరుకుతాయి. ఈ సంగతి రెండు నిమిషాల్లో తేలేది కాదు.

ఎజెండాలో ఒక అంశం ఉంది. ఒక కంపెనీ మన సంఘానికి వెబ్‌సైటు, మొబైల్ యాప్ ఉచితంగా చేసిస్తానంటోంది. సభ్యుల జాబితా, వధూవరుల మేళావా ఫారాలు, విద్యార్థి సహాయ నిధి దరఖాస్తులు అన్నీ అందులోకి ఎక్కుతాయి. "పైసా ఖర్చు లేదు, ఇంకా ఆలోచన ఎందుకు?" అంటున్నారు కొందరు పెద్దలు. మేము మాత్రం వద్దంటున్నాం.

మేళావా ఫారంలో ఏముంటుంది? అమ్మాయి ఫొటో, పుట్టిన తేదీ, గోత్రం, తండ్రి సంపాదన, ఇంటి చిరునామా, మేనమామ ఫోను నంబరు. ఇంటి గుట్టంతా ఒక్క కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం తెలిసిన మధ్యవర్తి చేతికి ఇవ్వడానికే మనం పదిసార్లు ఆలోచిస్తాం. కంపెనీ ఇచ్చిన ఒప్పందం ముసాయిదా మేము చదివాం. సమాచారమంతా వాళ్ల సర్వర్లో ఉంటుంది. రేపు మనం మానుకుంటే దాన్ని ఏ రూపంలో తిరిగిస్తారో ఒక్క ముక్క లేదు. డొమైను కూడా వాళ్ల పేరు మీదే.

సోలాపూర్ వాళ్లకు ఈ లెక్క కొత్తా? మన తాతలు తెలంగాణ నుంచి మగ్గం పని చేతబట్టుకుని ఇక్కడికి వచ్చారు. షావుకారు నూలు ఇచ్చేవాడు, బట్ట పట్టుకుపోయేవాడు, నేసినవాడికి మజూరీ మిగిలేది. నూలు ఉచితంగా ఇచ్చాడని షావుకారును దాత అని ఎవరూ అనలేదు. ఈ ఉచిత యాప్ కూడా నూలే. బట్ట మన పిల్లల వివరాలు.

మరి ఏం చేద్దాం? పనిచేసేవాళ్లే యజమానులుగా ఉండి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే బృందం చేత చేయించుకుందాం. అలాంటిది దొరక్కపోతే మన పిల్లల చేతే పెట్టిద్దాం. ఇదంతా కల అనేవాళ్లకు ఒక నిజమైన ఉదాహరణ చెబుతాం.

స్పెయిన్‌లో గలీసియా అనే ప్రాంతం ఉంది. వాళ్లకు సొంత భాష ఉంది, స్పానిష్ పక్కన అది చిన్న భాషే. అక్కడ అ కొరున్యా అనే ఊళ్లో 2001లో ఇగాలియా అనే సంస్థ పెట్టారు. పనివాళ్లే దాని యజమానులు. ఆ సంస్థ చేసే పని బ్రౌజర్ల లోపలి యంత్రం. గూగుల్ క్రోమ్‌కు ఆధారమైన క్రోమియంలో, ఐఫోన్ సఫారీకి ఆధారమైన వెబ్‌కిట్‌లో ఆ పెద్ద కంపెనీల తర్వాత ఎక్కువ పని చేసేవాళ్లలో వీళ్లు ముందుంటారు. వెబ్ పేజీని నిలువు, అడ్డ గడులుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ 2017లో క్రోమ్‌లోకి, సఫారీలోకి వచ్చింది. ఆ రెండింటిలోనూ ఆ పని చేసింది వీళ్లే, ఖర్చు పెట్టుకుంది బ్లూమ్‌బర్గ్. లెక్కల సూత్రాలను పేజీ మీద సరిగ్గా చూపించే మాథ్ఎంఎల్ 2023లో క్రోమ్‌లోకి తిరిగి రావడం వెనక ఉన్నదీ వీళ్ల చెయ్యే.

అక్కడ పైన కూర్చుని హుకుం వేసే దొర లేడు. నిర్ణయాలు సభలో జరుగుతాయి. కొంతకాలం పనిచేసినవాళ్లు సభలోకి వస్తారు, ఆ తర్వాత యాజమాన్యంలో భాగస్తులవుతారు. ఇలా 20 ఏళ్లకు పైగా నడుస్తున్నారు. మీ చేతిలో ఉన్న ఫోనులో వాళ్లు రాసిన వరుసలు ఉండే ఉంటాయి.

ఇక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంగతి. ఇక్కడ 'ఫ్రీ' అంటే ఉచితం అని కాదు, స్వేచ్ఛ అని. వాడుకునే స్వేచ్ఛ, లోపల ఏముందో చదివే స్వేచ్ఛ, మార్చుకునే స్వేచ్ఛ, ఇంకొకరికి ఇచ్చే స్వేచ్ఛ. దీని విలువ తెలియాలంటే 2018 ఫిబ్రవరి గుర్తు చేసుకోండి. 'జ్ఞా' అనే మన అక్షరంలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరి మెసేజీలో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. అక్షరం మనది, తాళం యాపిల్ దగ్గర. తెలుగు ఇంజనీర్లు లోకమంతా ఉన్నా, బయటివాళ్లెవరికీ ఆ పెట్టె తెరిచి బాగుచేసే హక్కు లేదు. యాపిల్ 11.2.6 అప్‌డేటు ఇచ్చేదాకా అందరూ కాచుకుని కూర్చున్నారు. అదే ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో మన ఒత్తులు, గుణింతాలు పేర్చే హార్ఫ్‌బజ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని కోడు ఎవరైనా చదవచ్చు, తప్పు దొరికితే దిద్ది పంపవచ్చు.

అయితే ఈ రెండింటిలో ఏ ఒక్కటీ చాలదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడుతూనే మన సమాచారాన్ని అమ్ముకునే కంపెనీలు ఉన్నాయి. సహకార సంఘం అని బోర్డు పెట్టుకుని కోడు తాళం వేసుకునేవాళ్లూ ఉండొచ్చు. కోడు తెరిచి ఉంటే ఇష్టం లేనప్పుడు మనం బయటికి నడవగలం. పనివాడే యజమాని అయితే, మన పని చేసిన పిల్లవాడి తలమీద నుంచి సంస్థను ఎవరూ అమ్మేయలేరు. రెండూ కలిస్తేనే మగ్గం మనది.

"సహకార సంఘాల బతుకు మాకు తెలియదా?" అంటారు. తెలుసు. కాగితం మీద సభ్యులు వందమంది, కుర్చీలో ఒకే కుటుంబం. అలాంటివి మునిగాయంటే పనివాళ్లు యజమానులు కాకపోవడం వల్లే మునిగాయి. ఇదే సోలాపూర్ పక్కన కుంభారిలో బీడీలు చుట్టే ఆడవాళ్లు సహకార సంఘం పెట్టి 10,000 ఇళ్లు కట్టించుకున్నారు, 2006లో తాళాలు అందుకున్నారు. వాళ్లలో మన ఇళ్ల అక్కలు, అత్తలు ఎంతమంది? ఆకు కత్తిరించే చేతులు కాలనీ కట్టగలిగితే, ఇంజనీరింగు చదివిన చేతులు వెబ్‌సైటు కట్టలేవా?

"మన పిల్లలు పుణె, హైదరాబాద్ పోతున్నారు, ఇక్కడ ఎవరున్నారు?" ఇక్కడ పని ఉంటే ఉంటారు. ఇగాలియా వాళ్లలో చాలామంది వేర్వేరు దేశాల్లో తమ ఇళ్ల నుంచే పనిచేస్తారు. మహారాష్ట్ర చట్టం ప్రకారం సహకార సంఘం రిజిస్టరు చేయాలంటే వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం 10 మంది కావాలి. ఒకే కుటుంబం కుర్చీ ఎక్కే జబ్బుకు చట్టం అక్కడే కొంత మందు పెట్టింది. మన సంఘంలో పదిమంది దొరకరా?

"ఖర్చు?" అవుతుంది, దాచం. పనిచేసినవాడికి మజూరీ ఇవ్వాలి. నేతగాళ్ల మనవలం, మజూరీ ఎగ్గొట్టే బేరం మన నోట రాకూడదు. ఏటా శాలువాలకు, ఫ్లెక్సీలకు పెట్టేదాంట్లో కొంత తగ్గించుకుందాం.

కార్యవర్గాన్ని మేము అడిగేవి నాలుగు. డొమైను సంఘం పేరు మీద ఉండాలి. కోడు స్వేచ్ఛా లైసెన్సు కింద ఉండి, ఒక ప్రతి మన దగ్గర ఉండాలి. సమాచారం ప్రతినెలా, ఎవరైనా తెరవగలిగే రూపంలో మన చేతికి రావాలి, పెళ్లి కుదిరినవాళ్ల ఫారం చెరిపేయాలి. పనివాళ్లే యజమానులైన బృందాల నుంచి కొటేషను తెప్పించకుండా ఎవరితోనూ సంతకం పెట్టకూడదు.

ఈ నాలుగూ ఒప్పుకుంటే ఆ కంపెనీనే రానివ్వండి, మాకు అభ్యంతరం లేదు. ఒప్పుకోకపోతే ఆ ఉచితం దేనికోసమో మీకే అర్థమవుతుంది. ఆదివారం సమావేశానికి తప్పక రండి. ఆడపిల్లల తల్లులు ముందు వరుసలో కూర్చోండి. చెయ్యెత్తేముందు అడగాల్సింది ఒక్కటే: మగ్గం ఎవరిది?