బంతిని చూడనివ్వండి



ఆదివారం ఉదయం డ్రైవింగ్ రేంజ్‌లో పిల్లల వెనక కూర్చున్న అమ్మానాన్నల నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "స్ట్రెయిట్‌గా కొట్టు!" బాబు మళ్లీ కొడతాడు, బంతి మళ్లీ కుడికే తిరుగుతుంది. ఈసారి అదే మాట కాస్త గట్టిగా వస్తుంది. కొన్నాళ్లకి బాబు కొట్టగానే బంతి వైపు చూడడు. వెనక్కి తిరిగి నాన్న ముఖం చూస్తాడు. నాకు బాధ కలిగించేది అదే. బంతిని చూడని పిల్లవాడు గోల్ఫ్ నేర్చుకోలేడు.

బంతి వంకరగా వెళ్లడానికి కారణం అశ్రద్ధ కాదు. క్లబ్ బంతిని తాకే క్షణంలో రెండు సంగతులు చూడాలి. క్లబ్ ఫేస్ ఎటు ఉంది? క్లబ్ ఎటు కదులుతోంది? బంతి దాదాపు ఫేస్ చూసే వైపే బయలుదేరుతుంది. బంతి క్లబ్ మధ్యలో తగిలి, ఈ రెండూ ఒకే దిశలో ఉంటే అది వంగకుండా పోతుంది. క్లబ్ కదిలే దారి కంటే ఫేస్ కుడికి తెరుచుకుని ఉంటే గాలిలో కుడికి, ఎడమకి మూసుకుని ఉంటే ఎడమకి వంగుతుంది. కుడిచేతి వాళ్లకి మొదటిది స్లైస్, రెండోది హుక్. ఎడమచేతి పిల్లలకి ఇదంతా తిరగేసుకోవాలి.

స్లైస్ పడుతున్న పిల్లలు, బంతి కుడికి పోతోంది కదా అని ఎడమకి లాగి కొడతారు. దాంతో క్లబ్ దారి ఇంకా ఎడమకి జరుగుతుంది, ఫేస్ మాత్రం తెరుచుకునే ఉంటుంది. వంపు మరింత పెరుగుతుంది. "స్ట్రెయిట్‌గా" అని మనం తొందరపెట్టినకొద్దీ ఆ తప్పే అలవాటవుతుంది.

లెక్క తప్పితే ఏ స్టెప్‌లో తప్పిందో చూస్తాం కదా, ఇక్కడా అంతే. మొదట పట్టు చూడండి. క్లబ్ పట్టుకుని కిందికి చూస్తే ఎడమచేతి కణుపులు రెండైనా కనిపించాలి. ఒక్కటే కనిపిస్తే ఫేస్ తెరుచుకునే అవకాశం ఎక్కువ. తర్వాత నిలబడే తీరు చూడండి. రెండు కర్రలు రైలు పట్టాల్లా నేల మీద పెట్టండి. ఒకటి బంతి పక్కన టార్గెట్ వైపు, రెండోది పాదాల ముందు. డ్రైవర్ తీసే ముందు పొట్టి ఐరన్‌తో సగం స్వింగ్ చేయించండి. ఖర్చు తగ్గుతుందని మీ పాత క్లబ్‌ని కోసి ఇవ్వకండి. ఆ బరువుకి, బిరుసుకి చిన్న చేతులు ఫేస్‌ని సమయానికి తిప్పలేవు.

కారణం తెలిస్తే వంపు కూడా విద్యే అవుతుంది. 2012 మాస్టర్స్ ప్లేఆఫ్‌లో బబ్బా వాట్సన్ చెట్ల మధ్య నుంచి కావాలనే పెద్ద హుక్ కొట్టి బంతిని గ్రీన్ మీదికి చేర్చి గెలిచాడు.

"ఫీజు కడుతున్నాం, స్వింగ్ టీవీలో ఆటగాళ్లలా ఉండొద్దా?" అని అడిగేవాళ్లున్నారు. జిమ్ ఫ్యూరిక్ స్వింగ్ చూడండి. క్లబ్ పైన మెలిక తిరిగి కిందికి వస్తుంది. ఆయనకి ఆట నేర్పింది సొంత తండ్రే. కొడుకు స్వింగ్‌ని అందరి స్వింగ్‌లా మార్చే పని ఆ తండ్రి పెట్టుకోలేదు. ఆ స్వింగ్‌తోనే ఫ్యూరిక్ 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో పీజీఏ టూర్‌లో ఒక రౌండ్‌ని 58 షాట్లలో ముగించాడు. చూపుకి స్వింగ్ ఎలా ఉన్నా, తాకే క్షణంలో ఫేస్ సరిగ్గా ఉంటే చాలు.

కాబట్టి వచ్చే ఆదివారం ఒక్క మార్పు చేసి చూడండి. షాట్ అయ్యాక, "ఎటు బయలుదేరింది? ఎటు వంగింది?" అని మాత్రమే అడగండి. జవాబు చెప్పాలంటే మీ బాబు, మీ పాప మీ ముఖం కాదు, బంతిని చూడాలి. మిగతాది కోచ్ చూసుకుంటారు.