పుట్ట లేని చోట పుట్టగొడుగులు

ఏదైనా లెక్కకి మించి కనబడితే చాలు, "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అనేస్తాం మనం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దగ్గర్నుంచి ఇంజినీరింగ్ కాలేజీల దాకా అన్నిటికీ అదే పోలిక. నేనూ ఎన్నిసార్లు వాడానో! అసలా పుట్టగొడుగు ఎక్కడ పుడుతుంది, అక్కడే ఎందుకు పుడుతుంది అని మాత్రం మొన్న సెప్టెంబరు దాకా ఒక్కసారీ ఆలోచించలేదు. ఆలోచించాల్సి వచ్చిన సందర్భం కొంచెం ఒళ్ళు జలదరించేది. అందుకే ఈ టపా.

మేముండేది కెనడాలో సార్నియా. హ్యూరాన్ సరస్సు నీళ్ళు సెయింట్ క్లెయిర్ నదిలోకి దిగే చోట ఉంటుంది. బ్లూ వాటర్ బ్రిడ్జి దాటితే అమెరికా. వేసవిలో మా అమ్మ వచ్చింది. సెప్టెంబర్లో రెండ్రోజులు ముసురు పట్టి వదిలింది. ఆ మర్నాడు పొద్దున్నే నడకకని వెళ్ళి, ఇంటి వెనకున్న ఓక్ చెట్ల కింద నుంచి కొంగు నిండా తెల్లటి పుట్టగొడుగులు కోసుకొచ్చింది.

"ఒరే, ఇంత మంచివాటిని ఎవరూ ముట్టుకోలేదేంట్రా! అచ్చం మన ఊరివే. ఉల్లిపాయలు తరుగు" అంది.

మాది శృంగవరపుకోట దగ్గర పల్లెటూరు. అనంతగిరి కొండలు కనిపిస్తుంటాయి. అమ్మ చిన్నప్పట్నుంచీ వానాకాలంలో పుట్టగొడుగులు ఏరుకొచ్చి వండిన మనిషి. ఆవిడకి చెప్పేంతవాణ్ణా నేను? అయినా ఎందుకో మనసొప్పక ఫోన్ తీసి ఫొటో కొట్టి, పేరు చెప్పే యాప్‌కి చూపించాను. వరిగడ్డి పుట్టగొడుగు, తినొచ్చు అంది. పక్కనుంచి ఇంకో ఫొటో తీస్తే ఇంకేదో పేరు చెప్పింది. ఒకే వస్తువుకి రెండు సమాధానాలు! కంప్యూటర్ సైన్సు చదివినందుకు అక్కడ మాత్రం బుర్ర పనిచేసింది. యాప్‌కి తెలిసేది ఫొటోలో ఉన్నదే. అమ్మ కాడ మధ్యకి విరిచి తెచ్చింది. అంటే మట్టిలో ఉండిపోయిన భాగం అమ్మా చూళ్ళేదు, నేనూ చూళ్ళేదు, యాప్ అసలే చూళ్ళేదు.

స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇద్దరం వెళ్ళాం. కొయ్యకుండా మిగిలిన ఒకదాన్ని చుట్టూ మట్టి తవ్వి జాగ్రత్తగా పైకి తీశాను. అడుగున, పగిలిన గుడ్డు పెంకులాంటి తెల్లటి సంచీ. కాడ పైభాగాన చిన్న కుచ్చులాంటి ఉంగరం. గొడుగు కింద మొప్పలు స్వచ్ఛమైన తెలుపు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంట్రా, మనదానికి కింద పొడుగాటి వేరుండాలి కదా. అసలిక్కడ పుట్టేదీ?" అంది. తర్వాత కొంగులోవన్నీ తనే చెత్తబుట్టలో పోసి, చేతులు రెండుసార్లు కడుక్కుంది.

ఆ గుర్తులన్నీ సరిపోయేది తూర్పు ఉత్తర అమెరికా అడవుల్లో సహజంగా పెరిగే డిస్ట్రాయింగ్ ఏంజెల్‌కి. అమానిటా జాతి. నేను నిపుణుణ్ణేం కాదు. కానీ సంచీ, ఉంగరం, తెల్ల మొప్పలు, పక్కనే ఓక్ చెట్టు కలిసి కనబడితే వండకూడదని చెప్పడానికి నిపుణుడక్కర్లేదు. దీంట్లో ఉండే అమాటాక్సిన్ ఉడికించినా, ఎండబెట్టినా పోదు. తిన్న వెంటనే ఏమీ తెలీదు. మామూలుగా 6 నుంచి 12 గంటలు, ఒక్కోసారి 24 గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ఆ తర్వాత తగ్గినట్టే అనిపిస్తుంది. "హమ్మయ్య" అనుకునే ఆ ఒకట్రెండు రోజుల్లోనే కాలేయం పాడైపోతూ ఉంటుంది. రుచి బాగానే ఉంటుందని తిని బతికినవాళ్ళు చెప్పారట.

మరి అమ్మది తప్పా? కాదనే నా వాదన. పుట్టగొడుగు అన్న మాటే చూడండి. పుట్ట మీద మొలిచే గొడుగు. చెదలు తమ తిండి కోసం పుట్ట లోపల ఒక శిలీంధ్రాన్ని సాగుచేస్తాయి. వానలు పడగానే అదే గొడుగై పైకి వస్తుంది. శాస్త్రజ్ఞులు టెర్మిటోమైసిస్ అంటారు. దాని కాడ వేరులా సాగి కింద చెదల గూటి దాకా వెళ్తుంది. అంటే మన భాష ఒక్క మాటలో రూపాన్నీ, చోటునీ రెండిటినీ చెప్పేసింది. పుట్ట లేకపోతే అది పుట్టగొడుగే కాదు. కానీ ఈ రకం ఆఫ్రికాలోనూ, ఆసియాలోనూ తప్ప అడవిలో పెరగదు. శిలీంధ్రాన్ని సాగుచేసే ఆ చెదలు కెనడాలో లేవు. అమ్మ జ్ఞానం నూటికి నూరుపాళ్ళూ నిజం, అయితే అది ఆ మట్టి గురించిన నిజం. వీసాతోపాటు ఇక్కడికి రాదు.

వరిగడ్డి మీద పెరిగే రకం సంగతి ఇంకా ప్రమాదం. దానికీ అడుగున సంచీ ఉంటుంది. లేతప్పుడు గుడ్డులాగే ఉంటుంది. అమానిటా గుడ్డూ అలాగే ఉంటుంది. తేడాలు లేకపోలేదు. గడ్డిరకానికి ఉంగరం ఉండదు, ముదిరితే మొప్పలు గులాబీ రంగుకి తిరుగుతాయి. గొడుగుని కాగితం మీద బోర్లించి ఒక రాత్రి ఉంచితే పడే పొడి కూడా గులాబీ రంగే. అమానిటా పొడి తెలుపు. అదేమో కుళ్ళే గడ్డి మీద బతుకుతుంది, ఇదేమో బతికున్న చెట్ల వేళ్ళతో జత కడుతుంది. కానీ గుడ్డు దశలో ఇవేవీ పైకి కనబడవు.

ఆసియా నుంచి వలసొచ్చినవాళ్ళు అమెరికాలో, ఆస్ట్రేలియాలో మోసపోయింది ఎక్కువగా ఇక్కడే. 2011 డిసెంబరు 31 రాత్రి కాన్‌బెరాలో డెత్ క్యాప్‌లు వండుకుని తిన్న ఇద్దరు 2012 జనవరిలో చనిపోయారు. వాళ్ళలో ఒకాయన వృత్తిరీత్యా వంటవాడు, చైనా నుంచి వచ్చినవాడు. కెనడాలో 2016లో బ్రిటిష్ కొలంబియాలోని విక్టోరియాలో కోసిన డెత్ క్యాప్ తిని మూడేళ్ళ పిల్లాడు పోయాడు. విచిత్రమేంటంటే అక్కడి డెత్ క్యాప్ కూడా వలసొచ్చిందే. యూరప్ నుంచి తెచ్చిన చెట్ల వేళ్ళతోపాటు దిగి, ఇప్పుడు అక్కడి ఓక్ చెట్లకీ పాకింది.

ఈ సంగతి చెప్తే మిత్రుడొకడు "అసలు వాటి జోలికే పోవద్దు, షాపులో కొనుక్కో" అన్నాడు. తినే విషయంలో ఒప్పుకుంటాను. తెలుసుకునే విషయంలో ఒప్పుకోను. మనం జోలికి పోకపోయినా మన పిల్లలు పెరట్లో ఆడతారు, మన అమ్మానాన్నలు ఆర్నెల్లకి వచ్చి మనం ఆఫీసులో ఉన్నప్పుడు నడకకి వెళ్తారు. వాళ్ళకి "ముట్టుకోవద్దు" అని చెప్తే పనిచెయ్యదు, జీవితమంతా తిన్నవాళ్ళు కదా. తవ్వి అడుగు చూపిస్తే పనిచేస్తుంది.

కాబట్టి చూడాల్సింది పైగొడుగు అందం కాదు. అడుగున ఏముంది, కాడకి ఉంగరం ఉందా, మొప్పల రంగేంటి, పొడి రంగేంటి, నేల మీదా, చెక్క మీదా, ఏ చెట్టు కింద? గుండ్రంగా తెల్లగా పఫ్‌బాల్‌లా కనిపిస్తే నిలువుగా కోసి చూడాలి. లోపలంతా ఒకేలా ఉండాలి. గొడుగూ కాడా గీతలా కనబడితే అది అమానిటా గుడ్డు. వెండి చెంచా నల్లబడితే విషమనీ, పురుగులు తింటే మనమూ తినొచ్చనీ చెప్పేవి ఏవీ నిజం కావు. ఇన్ని చూసినా "తినకూడదు" అని తేలడానికే నాలాంటివాడికి పనికొస్తాయి. "తినొచ్చు" అని చెప్పాల్సింది ఈ నేలలో ఏళ్ళ తరబడి ఏరిన మనిషి, పుట్టగొడుగుని చేతిలో పట్టుకుని. ఫొటో చూసి కాదు. పొరపాటున ఎవరైనా తినేస్తే లక్షణాల కోసం ఆగొద్దు. కెనడాలో విషప్రమాదాల నంబరు 1-844-764-7669. మిగిలిన ముక్క పారెయ్యకుండా కాగితం సంచీలో దాచండి, డాక్టర్లకి అదే ఆధారం.

ఆ రాత్రి షాపులో కొన్న బటన్ మష్రూమ్స్ వండాను. అమ్మ రెండు ముద్దలు తిని, "గడ్డి తిన్నట్టుంది" అంది. నవంబర్లో వెళ్ళిపోతూ ఎయిర్‌పోర్టులో చెప్పింది, "వచ్చే వానలకి నువ్వే రా. పుట్ట దగ్గరే చూపిస్తాను."

సెలవు ఇంకా అడగలేదు. అడగాలి.