కప్పతల్లికి మందు నీళ్లా?



వాన రాకపోతే మన దిక్కు ఊర్లల్ల కప్పతల్లి ఆట ఆడేటోళ్లు. రోకలికి కప్పను కట్టి, వేపకొమ్మలు పెట్టి పిల్లలు ఇంటింటికీ తిరిగితే ఆడోళ్లు బిందెలతో నీళ్లు పోసేటోళ్లు. వాన కోసం కప్పను మొక్కిన మనం దాని బతుకు గురించి ఎప్పుడన్న ఆలోచించినమా?

కేరళలోని ఎరవికులం నేషనల్ పార్కులో 2,695 మీటర్ల ఎత్తైన ఆనముడి శిఖరం ఉంది. ఆ కొండ మీద ఎర్ర నారింజ రంగు చెట్టుకప్ప ఒకటి ఉంటది. పేరు రావోర్కెస్టిస్ రెస్‌ప్లెండెన్స్. 2010లో ఎస్.డి. బిజు బృందం దీన్ని కొత్త జాతిగా ప్రకటించింది. అది బతికే జాగ 3 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అందుకే అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల్లో దాన్ని చేర్చారు. వెదురు పొదల్లో గుడ్లు పెడతది. ఆ పొదలు కాలితే దాని ఇల్లు పోయినట్టే. ఎండలు ముదిరితే చల్లని చోటు వెతుక్కుంటూ ఇంకా పైకి పోదామన్నా పైన కొండ లేదు.

"కేరళ ముచ్చట మనకెందుకు" అనొచ్చు. మన బాత్రూం గోడకు అతుక్కొని కనపడేది కూడా చెట్టుకప్పే. వానాకాలంలో నీళ్ల పైన కొమ్మకో గోడకో నురగ గూడు పెడతది, తోకకప్పలు కింద నీళ్లల్ల పడి పెరుగుతయి. ఆ నీళ్లల్ల పురుగుమందు కలిస్తే పలుచని చర్మం గుండా నేరుగా ఒంట్లకు పోతది. ప్రపంచంలోని ఉభయచర జాతుల్లో నూటికి 41 ముప్పులో ఉన్నాయని 2023లో శాస్త్రవేత్తలు తేల్చారు.

తొలివాన రాత్రి కప్పల మోత మునుపటి లెక్క లేదని మా యాడి అంటది. నిజమో కాదో చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు. నా బాధంతా అదే. అరుదైన కప్ప కోసం సైంటిస్టులు కొండెక్కుతరు. మామూలు కప్పను లెక్కపెట్టేది ఎవరు? కుంట పక్కన పెరిగిన మనమే పెట్టాలె.

అందుకే మూడు పనులు చేద్దాం. స్ప్రే పంపులు కుంటల కడగొద్దని ఇంట్ల చెప్దాం. కుంట పూడుస్తుంటే గ్రామసభల అడుగుదాం. తొలివాన రాత్రి కప్పల అరుపులు ఫోన్ల రికార్డు చేసి, తేదీ, తండా పేరు రాసి దాచుదాం. పదేండ్ల తర్వాత ఎవరన్న అడిగితే చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలె.

మీ తండాల ఏ కప్పలు కనపడుతున్నయి? పెద్దోళ్లు వాటిని ఏమని పిలుస్తరు? అడిగి కింద రాయండి.