సాఫ్టువేరు ఉద్యోగుల సంభాషణ: సేకరింపదగిన వృత్తిమాండలికము

వృత్తిని బట్టి మాట పుట్టునని భాషావేత్తలందరు అంగీకరింతురు. సేద్యగాని మాట వేరు, సాలెవాని మాట వేరు, బెస్తవాని మాట వేరు. ఈ మాటలను సేకరించుట విద్వాంసులకు తగిన పనియేనని తెలుగువారు చాలకాలము క్రిందటనే నిరూపించిరి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము ప్రథమ సంపుటము వ్యవసాయ పదములతో వెలువడినది. 1971లో చేనేత పదముల సంపుటము వచ్చినది. పని చేయువాని యొద్దకు పోయి, అతని నోటినుండియే మాటను వినవలెనను పద్ధతి అప్పుడే మనకు సిద్ధించినది.

ఆ పద్ధతిని నేటి వృత్తులకు మనము వర్తింపజేయుట లేదు. ఈ తరమున తెలుగు యువజనులు విశేషసంఖ్యలో అవలంబించిన వృత్తి సాఫ్టువేరు రచన. హైదరాబాదునందు సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన 1998 నుండి లెక్కించినను ఈ వృత్తికి పావు శతాబ్దము దాటిన వయస్సు కలదు. ఒక వృత్తిమాండలికము రూపొందుటకు ఇది చాలిన కాలమే. అయినను ఆ ఉద్యోగుల పరస్పర సంభాషణను గురించి మన శాఖలలో ప్రసంగము వచ్చినప్పుడు, అది ఇంగ్లీషునకు తగిలించిన తెలుగు తోక యని చెప్పి ఊరకుందుము. ఈ అభిప్రాయము సరికాదనియు, దీనివలన తెలుగు భాషాచరిత్రలో ఒక అధ్యాయము వ్రాయబడకయే పోవు ప్రమాద మున్నదనియు నా మనవి.

మొదట మాటల రూపమును చూతము. ఈ ఉద్యోగులు ప్రోగ్రాములోని దోషమును ‘బగ్గు’ అందురు. హ్రస్వాచ్చు గల ఏకాక్షర పదము తెలుగులోనికి వచ్చినప్పుడు తుది హల్లు ద్విత్వమై ఉకారాంత మగుట బస్సు, కప్పు, పెన్ను మున్నగు మాటలలో ప్రసిద్ధమే. దీర్ఘము గల చోట ద్విత్వము లేదు: ఫైలు, కోడు, లూపు. నిన్న మొన్న వచ్చిన మాటకు సైతము ఈ సూత్రము తప్పుట లేదు. బహువచనము ‘బగ్గులు’, విభక్తి చేరగా ‘సర్వర్లో’, ‘కోడుకి’. ధాతువుల విషయము ఇంకను స్పష్టము. ఒకరి మార్పులను ఉమ్మడి ప్రతిలో కలిపినవాడు ‘మర్జ్ చేశాను’ అనును. ఆ మార్పులు కలిసినచో ‘మర్జ్ అయింది’ అనును. చేయు, అవు అను రెండు ధాతువులతో సకర్మకాకర్మక భేదము నిలుపుట తెలుగు వ్యాకరణమే కాని ఇంగ్లీషు వ్యాకరణము కాదు. అదే పనికి తమిళులు ‘పణ్ణు’, కన్నడిగులు ‘మాడు’, హిందీవారు ‘కర్‌నా’ అను ధాతువులను చేర్తురు. భారతదేశ మొక భాషాక్షేత్రమని 1956లో ఎమెనో ప్రతిపాదించిన సిద్ధాంతమునకు బెంగుళూరులోని ఏ సాఫ్టువేరు కార్యాలయమునందైనను నిదర్శనము లభించును.

చేయు, అవు అనునవి కాక ఇతర ధాతువులు వాడబడు చోట్లు మరింత విలువైనవి. దోషమును సవరించు చిన్న కోడు ముక్కను చేర్చునప్పుడు వీరు ‘ప్యాచి వేశాం’ అందురు. చిల్లులు పొడిచిన కార్డులతోను, కాగితపు పట్టీలతోను ప్రోగ్రాములు నడచిన కాలమున తప్పుపడిన చోట నిజముగనే కాగితపు ముక్క నతికించెడివారు. ఆ చరిత్ర తెలియని తెలుగు యువకుడు సైతము, చినిగిన బట్టకు మాసిక వేయు ధాతువునే ఇచట చేర్చుచున్నాడు. ‘మెయిలు కొట్టు’, ‘కోడు కొట్టు’ అనునవి టైపు కొట్టిన తరమువారి నుండి వచ్చిన వాడుకలు. కోడును నడుచు ప్రోగ్రాముగా కూర్చు ప్రక్రియకు బిల్డు అని పేరు. అది విఫలమైనచో ‘బిల్డు పోయింది’ అందురు. ఆగిన సర్వరును గూర్చి ‘వచ్చిందా?’ అని ప్రశ్నింతురు. కరెంటు పోవుట, వచ్చుట తెలిసిన ఇండ్లనుండి ఈ ధాతువులు కార్యాలయమునకు చేరినవి. నామము పరదేశిదైనను, ఆ పనిని మనస్సు గ్రహించిన తీరు దేశీయము. పదములను మాత్రము ఏరి జాబితా వ్రాయువానికి ఈ విశేషము కనబడదు; వాక్యమును విన్నవానికే కనబడును.

ఇక సంభాషణ మర్యాద. నలుగురు కలిసి వ్రాయు ప్రోగ్రాములో తప్పు దొరలినప్పుడు అది ఎవరిదని చెప్పుట సున్నితమైన విషయము. తెలుగునందు పగులు, పగులగొట్టు. చెడు, చెరచు అను జంటలు కలవు. ఉద్యోగి తన పై అధికారితో మాటాడునప్పుడు అకర్మకము నాశ్రయించును: ‘బిల్డు పోయినట్టుందండీ, ఒకసారి చూస్తారా?’ ఇందు కర్త లేడు. ‘పోయినట్టుంది’ అను సందేహార్థకము నిందను తగ్గించినది. ‘ఒకసారి’ అనునది సంఖ్యను గాక వినయమును తెలుపుచున్నది. తోటివారి నడుమ నైనచో ‘మెయిన్లోకి పుష్ చేసింది ఎవర్రా?’ అని కర్తను వెదకు ప్రశ్న సూటిగ వచ్చును. ‘మెయిన్’ అనగా అందరి పనియు చేరు ప్రధానశాఖ. పరీక్షింపని కోడును అందులోనికి నెట్టినవాడు వెంటనే ‘నా దగ్గర బానే ఉందే!’ అనును. తన యంత్రముపై నడచినది ఇతరుల యంత్రముపై నడువకుండుట ప్రపంచమందలి ప్రోగ్రాము రచయిత లందరికిని పరిచితమైన హాస్యవిషయమే. ఆ ‘నా దగ్గర’ అను మాటలో మాత్రము పొరుగింటి తగవులో వినబడు తెలుగు స్వరమున్నది. ఏకారముతో ముగిసిన ఆ వాక్యమును వేరొక భాషలోనికి మార్చుట సులభము కాదు.

పరిహాసమును శాస్త్రపరిశోధనకు పనికిరానిదిగా త్రోసిపుచ్చరాదు. 1947 సెప్టెంబరు 9వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ 2 యంత్రములో ఒక చిమ్మట చిక్కుకొనగా, అచటివారు దానిని దినచర్య పుస్తకములో అంటించి, ఈసారి నిజమైన పురుగే దొరికినదన్న భావముతో పరిహాసముగ వ్రాసిరి. ‘బగ్’ అను వాడుక ఆనాడే పుట్టినదని పలువురు చెప్పుదురు. ఆ పరిహాసమే ఆ మాటను ఖండించుచున్నది. యంత్రదోషమునకు పురుగను పేరు అంతకు ముందే లేనిచో ఆ వ్రాతలో నవ్వవలసిన దేమియు లేదు. ఎడిసన్ 1878 నాటి లేఖలోనే ఆ యర్థమున ఈ పదము కానవచ్చుచున్నది. ఒక పదము వయస్సును నిర్ణయించుటకు ఒక ఛలోక్తి ఆధారమైనది. మన ఉద్యోగుల ఛలోక్తులును ఇట్టివే. శుక్రవారమునాడు క్రొత్త ప్రోగ్రామును సర్వరు మీదికి ఎక్కించినచో సెలవు దినములు రెండును పాడగునను భయము ఈ వృత్తిలో సార్వత్రికము. దానిని తెలుగువాడు ‘శుక్రవారం పూట ఇంట్లోంచి డబ్బు ఇవ్వరు, ఆఫీసులోంచి కోడు పంపరు’ అని పలికినప్పుడు ఇంటి ఆచారము వృత్తినియమముతో కలిసి క్రొత్త సామెత రూపము దాల్చుచున్నది.

అన్యదేశ్యములు అధికముగ నున్నవను ఆక్షేపణకు మన భాషాచరిత్రయే సమాధానము చెప్పగలదు. కచేరి, దస్త్రము, జమాబంది, తహసీలు అను మాటలు ఒకనాటి ఉద్యోగుల సంభాషణ నుండి వచ్చినవే. వానిని సి. పి. బ్రౌను నిరాకరింపక, 1854లో మిశ్రభాషాపదములకును అన్యదేశ్యములకును ప్రత్యేకముగ నొక నిఘంటువును ప్రకటించెను. అమెరికాలోని ప్రోగ్రాము రచయితలు తమ మాటలను తామే సేకరించుకొనిరి. 1975లో స్టాన్‌ఫర్డులో రాఫెల్ ఫింకెల్ ప్రారంభించిన పదపట్టిక చేతులు మారి పెరిగి 1983లో పుస్తకముగ అచ్చయినది. వారిలో వారు నవ్వుకొనుటకు వ్రాసికొన్నది నేడు చరిత్రకారులకు ఆధారమైనది. మన తెలుగు ఉద్యోగుల మాటకు అట్టి పుస్తకమును కూర్చు బాధ్యత మన శాఖలదే.

అట్లని ఈ మాటతీరున చింతింపదగిన దేమియు లేదని నేననను. చింత పదములను గూర్చి కాదు, ప్రయోజనమును గూర్చి. పరిహాసము, ఫిర్యాదు, ఓదార్పు, భోజనపు పిలుపు తెలుగున సాగుచున్నవి. పని యేరీతిని నిర్మింపవలెనను చర్చ ముదిరి కాగితమున కెక్కినంతనే అది సంపూర్ణముగ ఇంగ్లీషగుచున్నది. నవ్వుటకు ఒక భాష, నిర్ణయించుటకు వేరొక భాష అను విభజన స్థిరపడినచో ‘బగ్గు’ను ‘దోషము’గా మార్చినంత మాత్రమున లాభము కలుగదు. శాస్త్రసాంకేతిక పదావళి సంఘము 1961లోను, తెలుగు అకాడమీ 1968లోను ఏర్పడి పాఠ్యగ్రంథములకు చేసిన సేవ గొప్పది. కాని వృత్తిలో నున్నవాడు తాను వాడని పదముతో ఆలోచింపడు. ‘బిల్డు ఎందుకు పోయింది?’ అను ప్రశ్నకు, అతని మాటలతోనే, కారణము కార్యము విడదీసి పది తెలుగు వాక్యములలో సమాధానము వ్రాయగలుగుట నేడు కావలసినది. అతడు వాడు మాటల నెరుగనిదే అతనికి అట్టి వచనమును నేర్పుట మనకు సాధ్యము కాదు.

కావున సేకరణ మొదట జరుగవలెను. స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగు బోధించు నావంటివారికి ఇందొక ప్రత్యేక ప్రయోజనమున్నది. మా విద్యార్థులలో కొందరికి తెలుగు ఇంటిభాషయే కాని బడిభాష కాదు. తమ అన్నలు, అక్కలు కార్యాలయమున మాటాడునది తెలుగు కాదని మేము చెప్పినచో, తమకు తెలుగే రాదని వారు తీర్మానించుకొందురు. బెంగుళూరు, పూనా, చెన్నై నగరములలో ఒకే బల్లచుట్టు కోస్తావాడు ‘ఏంటి’ అనును, తెలంగాణమువాడు ‘ఏంది’ అనును, రాయలసీమవాడు ‘ఏమి’ అనును. మూడు ప్రాంతముల మాటలు ఇంత సన్నిహితముగ కలియు చోటు మరియొకటి అరుదు. వీరు పరస్పరము పంపుకొను సందేశములు పెక్కు రోమను లిపిలో నుండును. వర్ణక్రమమునకు నియమము లేకుండుటచేత పలుకుబడి యథాతథముగ అందు దిగును. భాషాశాస్త్రజ్ఞునకు ఇది లోపము కాదు, లాభము.

సేకరించువారు కొన్ని నియమములు పాటింపవలెను. ఈ సంభాషణలు ఆంతరంగికములు. పని రహస్యములు, పరనిందలు వానిలో నుండును. మాటాడినవారి అనుమతి లేనిదే ఏదియు గ్రహింపరాదు, పేర్లు తొలగింపవలెను. పదమును ఒంటిగా గాక ధాతువుతో, వాక్యముతో వ్రాసికొనవలెను. ఎవరు ఎవరితో పలికిరో, వారి నడుమ ‘గారు’ నడచునో, ‘రా’ నడచునో గుర్తింపవలెను. స్త్రీలు, పురుషులు కలిసిన బృందములలోను, తెలుగు రానివారు చేరిన బృందములలోను మాట ఎట్లు మారునో చూడవలెను. ఇతర భాషాశాఖలు తమ భాషలలో ఇదే పనికి పూనుకొన్నచో తులనాత్మక పరిశోధనకు చక్కని సామగ్రి లభించును.

వ్యవసాయ పదములను సేకరించిననాడు నాగలి యింకను పొలములో నుండెను. ఆ తరమువారు ఆలస్యము చేసియున్నచో చాల మాటలు నాగలితోడనే పోయియుండును. సాఫ్టువేరు పనిముట్లు నాగలికంటె త్వరితముగ మారుచున్నవి. ఒక పనిముట్టు పోయిన వెంటనే దానిచుట్టు అల్లుకొన్న మాటలును, పరిహాసములును పోవుచున్నవి. అవి వినబడుచున్న కాలముననే వినవలసిన కర్తవ్యమును విద్వాంసులు గుర్తింతురు గాక.